బాయి దిక్కు తలుపు

పందొమ్మిది వందల అరవై ఆరు, కాముడు కాలిన తెల్లారి. ఆ రోజు లక్ష్మీరాజం ఇంట్లో ఒక కోడిగుడ్డు ఉడికింది. ఒక్కటే గుడ్డు. అతని తల్లి దేవవ్వ దాన్ని రెండుగా కోసి, ఉప్పూకారం అద్ది, జొన్నరవ్వ ఉడికించిన గట్క పక్కన పెట్టి, పళ్లెం తీసుకొని మగ్గం దగ్గరికి వచ్చింది. గట్క ఎప్పుడో చల్లారింది. అయినా పళ్లాన్ని కొంగుతోనే పట్టుకుంది. ఇంకో చేతిలో చిన్న గిన్నె, అందులో పెసరపప్పు.

"తిను కొడుకా. పండుగ పూట గా గుడ్డన్న దొరికింది."

లక్ష్మీరాజం మగ్గం గుంతలోంచి కాళ్లు తీయకుండానే తిన్నాడు. గుడ్డును చివరిదాకా దాచుకున్నాడు. ఆ తర్వాత ఎన్నో గుడ్లు తిన్నాడు గానీ అతనికి గుర్తుండిపోయింది మాత్రం అదే.

సుల్తానాబాద్‌కు కోసెడు దూరంలో ఉండే ఆ ఊరి సాలోళ్ల వాడలో అప్పటికి రెండేండ్లుగా అందరికీ గట్కే గతి. వానలు లేవు. రేషన్ దుకాణంలో ఓడల మీద వచ్చిన ఎర్రజొన్నలు ఇస్తున్నారు. ఎంత ఉడికించినా గొంతులో గీసుకుంటూ దిగే జొన్నలు. పప్పు ఎప్పుడైనా గుప్పెడు, ఎండుచేప ఎప్పుడైనా ఒక ముక్క. ఆ గుప్పెడూ ఆ ముక్కా ఎవరి పళ్లెంలో పడాలో ఎవరూ ఆలోచించేవారు కాదు. పొద్దంతా కాళ్లతో తొక్కి చేతులతో పేక దారపు నాడె విసిరేది మగ్గం మీది మనిషి. అతనిలో సత్తువ తగ్గితే బట్ట పల్చబడుతుంది, బట్ట పల్చబడితే చేనేత సంఘంవాళ్లు తీసుకోరు. అందుకని ముందు అతను తినాలి. తర్వాత ఆడవాళ్లు వంటింట్లో తలుపు దగ్గరగా వేసుకొని తింటారు. వాళ్ల పళ్లాల్లో ఏముందో మగవాడు తొంగి చూడడం మర్యాద కాదు.

చెయ్యి కడుక్కొని లక్ష్మీరాజం నాడె తీశాడు. అందులోని కండెకు చుట్టిన దారం అయిపోవచ్చింది.

"కండె!" అన్నాడు.

కండె రాలేదు. మెడ తిప్పి చూశాడు. గోడ పక్కన రాట్నం ముందు అతని భార్య అనసూర్య కూర్చొని ఉంది. చెయ్యి రాట్నం పిడి మీదే ఉంది గానీ తిరగడం లేదు. తెగిన దారం కొస ఆమె ఒళ్లో పడి ఉంది. బిడ్డ బాలలక్ష్మి పాకుతూ వచ్చి ఆ కొసను నోట్లో పెట్టుకుంటోంది. తల్లి కళ్లు బిడ్డ మీద లేవు, దారం మీద లేవు. తడిక సందులోంచి పడే ఎండ పొడను చూస్తున్నాయి.

"ఏమే, నిన్నే. కండె అయిపోయింది."

ఉలిక్కిపడింది. ఈ మధ్య ప్రతిదానికీ ఉలిక్కిపడుతోంది. నాడె గట్టిగా తగిలినా, కుక్క మొరిగినా, గిన్నె జారినా. దారం ముడి వేయబోయింది. రెండుసార్లు చుట్టినా ముడి పడలేదు. పెళ్లయి వచ్చినప్పుడు వాడ మొత్తంలో ఆమె చుట్టిన కండెలే నున్నగా ఉండేవి. వాడలో ఎవర్నీ మెచ్చుకోని లస్మవ్వ లాంటి గడుసుది కూడా "గీ పొల్ల చేతిల మైనమున్నది" అనేది.

పిల్లను ఎత్తుకుందామని వచ్చిన దేవవ్వ కోడలి ముందు ఆగిపోయింది.

"ఏమే, నీ మెడల పుస్తెలేవి?"

"గీడనే ఉన్నయత్తమ్మా. గోడ మొలకు పెట్టిన."

"మొగడు బతికుండంగ పుస్తెలు మొలకు పెడ్తరా ఎవలన్న! నా కొడుకు ఎదురుంగనే కూసుండె గదనే! నీ బుద్ధి కాల!"

"మండుతున్నదత్తమ్మా. మెడ సుట్టు నిప్పులు వోసినట్టు మండుతున్నది."

"మండితె ఓర్సుకోవాలె. నేను కట్టుకోలేదా? నాకు మండలేదా?"

ఆ మాట అన్నాక దేవవ్వ కొంగు సర్దుకుంది. తర్వాత ఇంకా గట్టిగా అరిచింది. గోల పక్కింటికి వినబడుతుందని లక్ష్మీరాజానికి చిరాకు వేసింది. గుంతలోంచి లేచి, గోడ మొల మీది పుస్తెలు తీసి, భార్య వెనక కూర్చొని తనే కట్టాడు. దారం పనిలో అలవాటైన చెయ్యి కదా, తెలియకుండానే సాలెముడి వేసింది. ఒకసారి బిగిస్తే ఊడనిది ఆ ముడి. అప్పుడు చూశాడు, ఆమె మెడ చుట్టూ గీత గీసినట్టు నల్లటి పట్టీ. చర్మం గంజి ఎక్కువై ఎండిన దారంలా పెళుసెక్కి లేస్తోంది. చేతులకు కూడా మణికట్టు దాకా అంతే. ఆమె అబ్బా అనలేదు. పుస్తెలు రాసుకున్నచోట భుజం మాత్రం కొంచెం పైకి లేచింది.

"వేడి తిరిగింది దీనికి," అంది దేవవ్వ గొంతు తగ్గించి. "పాలిచ్చే ఒళ్లు గదా. ఇయ్యాల్టి సంది పప్పు బంద్. గుడ్డు గిడ్డు వాసన సుత సూడద్దు. అంబలి తాగనియ్యి. సలువ జేస్తది."

తల్లికి ఇలాంటివి తెలుసు. లక్ష్మీరాజం తల ఊపి గుంతలోకి దిగాడు.

ఆ సాయంత్రం అనసూర్య ఖాళీ బిందె పట్టుకొని అతని దగ్గరికి వచ్చింది. పెరటి తలుపు తెరిస్తే పదడుగుల్లో మోటబావి. వాడకంతా అదే నీళ్లు.

"ఇగో, నీళ్లకు నేను పోను. నువ్వు తేరాదు?"

"మొగోన్ని, బిందెవట్టుకొని నేను పోవాల్నా? ఎందుకు పోవు?"

"బాయి పిలుస్తున్నది."

లక్ష్మీరాజం నవ్వాడు. "బాయికి నోరుంటదానే?"

"నోరు లేదు. అయినా పిలుస్తున్నది."

అతను నాడె అందుకున్నాడు. పనికి ఒళ్లు వంగనివాళ్లకు సాకులు ఎన్నైనా దొరుకుతాయి. దేవవ్వ వచ్చి కోడలి చేతిలోంచి బిందె గుంజుకుంది. "దొరసాని బిడ్డ! కోడలచ్చినా నీళ్లు నేనే మొయ్యాలె, నా కర్మ!" అని వాడంతా వినేలా తిడుతూ బావికి పోయింది. అప్పటికి కొన్నాళ్లుగా నీళ్లు ఆమే తెస్తోంది, రోజూ తిడుతూనే తెస్తోంది. పడుకునేది కూడా పెరటి తలుపుకు అడ్డంగా చాప వేసుకొని. ఎందుకవ్వా అక్కడ అంటే, గాలి తగులుతుంది బిడ్డా అనేది.

*

రెండు రోజులు పోయాక కొత్త పడుగుకు గంజి పెట్టాల్సి వచ్చింది. అది ఒక్క ఇంటితో అయ్యే పని కాదు. తెల్లవారకముందే వీధి పొడుగునా పడుగు నిలువు పోగులు పరిచి, గుంజలకు కట్టి, గంజి పూసి, ఎండ ముదరకముందే ఇద్దరు మనుషులు అటూ ఇటూ కుంచెతో దువ్వుతూ ఆరబెట్టాలి. ఒక పోగు ఇంకో పోగుకు అంటుకుందా, పడుగు పాడైనట్టే. అందుకే ఒకరి పడుగుకు వాడంతా చెయ్యి వేస్తుంది.

గంజికి మాత్రం వరి నూకలే కావాలి. జొన్న గంజి పెడితే దారం పెళుసెక్కి మగ్గం మీద తెగుతుంది. మనుషులు ఎర్రజొన్నలు తిన్నా దారానికి వరి తప్పదు. దేవవ్వ రాత్రే నూకలు ఉడికించి పెద్ద కుండలో పెట్టింది. వీధిలోకి తెచ్చి దించితే తెల్లటి గంజి, అన్నం వాసన.

సాటి నేతగాడు ముత్యం, లక్ష్మీరాజం చెరో కుంచె పట్టుకొని దువ్వుతున్నారు. ముత్యం భార్య లస్మవ్వ అంటుకున్న పోగులు విడదీస్తోంది. వెనక్కి తిరిగిన లస్మవ్వ ఒక్కసారి కేక వేసింది.

"అగో సూడుండ్రి! పడుగు గంజి తాగుతున్నది!"

అనసూర్య కుండ పక్కన మోకాళ్ల మీద కూర్చొని ఉంది. చెయ్యి మోచేతి దాకా కుండలో ఉంది. అడుగున దిగిన మెతుకులు పిడికిలితో తీసి నోట్లో పెట్టుకుంటోంది. దొంగచూపులు లేవు, తొందర లేదు. నిద్రలో తింటున్నట్టు తింటోంది.

ముత్యం పగలబడి నవ్వాడు. "ఏం రాజం, మరదలికి మగ్గమెక్కాలని ఉన్నట్టుంది! గంజి వెట్టుకొని రడీ అయితున్నది!"

అందరూ నవ్వారు. లక్ష్మీరాజం కూడా నవ్వబోయాడు. అంతలో లస్మవ్వ దగ్గరికి పోయి అనసూర్య చెయ్యి బయటికి లాగింది. తడిసిన చెయ్యి మీద పగుళ్లు ఎర్రగా, మణికట్టు దగ్గర నల్లటి అంచు. లస్మవ్వ చెయ్యి వదిలేసి కొంగుకు తుడుచుకుంది.

"ఓ అవ్వో. ఇది పెద్దరోగమే."

నవ్వులు ఆగిపోయాయి. ముత్యం కుంచె కింద పెట్టేశాడు. వాడ పెద్ద కైలాసం అరుగు దిగి వచ్చి, చేతులు కట్టుకొని దూరంనుంచే చూశాడు. ముసలాయన చెడ్డవాడు కాడు. నెమ్మదిగానే అన్నాడు.

"రాజం, గా చెయ్యి మునిగిన గంజి మనకద్దు బిడ్డా. సర్కారు దవాఖానకు తోల్కపో. డాక్టరు కాదంటె మంచిదే. అవునంటె మాత్రం... పిల్లను మీ అవ్వ సాదుకుంటది. ఈమెను వాడల ఉండనిచ్చుడు కష్టం. అందరికి పిల్లలున్నరు."

లస్మవ్వ కాలితో కుండను తోసింది. గంజి మట్టిలో పారింది. రెండు కుక్కలు వచ్చి మెతుకులు నాకాయి. కుక్కల్ని అదిలించడానికి ఎవరూ కదలలేదు. అనసూర్య వాటిని అలా చూస్తూనే ఉంది. కంట నీరు లేదు. ఏడిస్తే బాగుండుననిపించింది లక్ష్మీరాజానికి. సగం గంజి పట్టిన పడుగు ఎండకు బిగుసుకుపోతోంది. దాని గురించి తను ఆలోచించడం లేదని అతనికి కాసేపటికి గాని తెలియలేదు.

*

మర్నాడు సుల్తానాబాద్ పోయే బండి దొరికింది. బండి తోలే భూమన్నకు వాడ మాటలు అప్పటికే చేరి ఉంటాయి. అయినా ఏమీ అడగలేదు. అనసూర్య చేతుల మీద ఎండ పడుతుంటే, తను కూర్చున్న గోనెపట్ట తీసి ఆమె ఒళ్లో వేశాడు. తను ఒట్టి నొగ మీద కూర్చొని తోలాడు.

దవాఖానలో డాక్టరు కోస్తా దిక్కునుంచి వచ్చినవాడు, చిన్నవయసువాడు. అనసూర్య చేతులు తిప్పి చూశాడు. చెప్పకుండా సూదితో నల్లటి చోట గుచ్చాడు. ఆమె చెయ్యి లాక్కుంది.

"నొప్పి తెలిసింది కదూ? అయితే కుష్ఠు కాదు. భయపడకండి."

లక్ష్మీరాజం గోడకు ఆనుకున్నాడు.

డాక్టరు నాలుక చూపమన్నాడు. పరాయి మగవాడి ముందు నాలుక చాపడానికి సిగ్గుపడి ఆమె కొంగు అడ్డం పెట్టుకుంది. "అమ్మా, కొంగులోంచి నాకు కనబడదు," అన్నాడాయన. చూపింది. నాలుక రక్తం అంటినట్టు ఎర్రగా ఉంది.

"ఇంట్లో ఏం తింటారు?"

"గట్క సారూ."

"గట్క అంటే జొన్నదేనా? దాంతో పాటు?"

"కారం."

"పొద్దున?"

"అంబలి."

"పప్పు తినరా?"

"వేడని బంద్ జేసింది అత్తమ్మ. అంతకుముందు సుత..." అని ఆగింది. అంతకుముందు ఏముండేదో చెప్పలేదు.

"నిద్ర పడుతుందా?"

"పట్టది."

"దేనికైనా భయం వేస్తుందా?"

కొంగు అంచు వేలికి చుట్టుకుంది. తర్వాత మెల్లగా, "బాయి," అంది. "బాయి పిలుస్తది సారూ. బిడ్డ ఏడుస్తుంటె సుత, గా పిలుపే ఇనవడ్తది."

డాక్టరు ఆమెను చూసి, తర్వాత లక్ష్మీరాజం వైపు తిరిగాడు.

"నీ చేతులు చూపించు."

చూపాడు. కాయలు కాసిన చేతులు. మచ్చలేని చేతులు.

"నువ్వేం తింటావు?"

"అదే గట్క సారూ."

"దాంతో పాటు?"

"పప్పు," అన్నాడు. "చెరువు చాప దొరికిననాడు చాప. మొన్న..." గుడ్డు మాట చెప్పకుండా చేతులు వెనక్కి తీసుకున్నాడు.

డాక్టరు కోప్పడలేదు. కోప్పడితే సులువుగా ఉండేది. మాత్రలు పొట్లం కడుతూ, రోజూ చెప్పే మాటలా చెప్పాడు. ఒట్టి జొన్నలే తినేవాళ్లకు ఎండలు ముదిరేసరికి ఈ జబ్బు బయటపడుతుంది. ముందు చర్మం, తర్వాత కడుపు, ఆ తర్వాత మనసు. ఈమెకు కాన్పయింది. కాన్పుతో ఒంట్లో ఊరే రసాలన్నీ తారుమారవుతాయి, మనసు అప్పుడే సగం కుంగుతుంది. ఆపైన ఉన్న కాస్త సారమూ పాలల్లో బిడ్డకు పోతోంది.

"బద్ధకం కాదు, గాలీ ధూళీ కాదు. ఆ బావి మాట అబద్ధం కూడా కాదు. ఆమెకు నిజంగానే వినబడుతుంది. ఒంటరిగా వదలకు. పప్పు, పల్లీలు, పాలు, గుడ్లు పెట్టు. వేడి అని ఆపకండి. అంబలితో చలవ చేస్తున్నామనుకొని మీరు ఉన్నది కూడా తీసేశారు."

"మాత్రలకు తక్కువైతదా సారూ?"

"కొద్ది రోజుల్లో తేరుకుంటుంది. కానీ ఇవి ఇన్నే ఉన్నాయి. మళ్లీ ఎప్పుడొస్తాయో నేను చెప్పలేను. తిండి మారకపోతే మళ్లీ మొదటికే వస్తుంది."

పాలు, పప్పు, గుడ్లు. పక్క వీధిలో దొరికేవాటి పేర్లలా చెప్పాడు.

తిరిగి వచ్చేటప్పుడు సంతలో లక్ష్మీరాజం వేయించిన పల్లీలు కొన్నాడు. బండిలో అనసూర్య పొట్టు తీసి, గింజలు దోసిట్లో పోగుచేసి, అతని ముందు పట్టింది.

"నాకెందుకే? నువ్వు తిను."

"నువ్వు తినకుంట నేనెట్ల తింట?" అంది. బతిమాలడం కాదది. నిజంగానే తెలియక అడిగింది. అతను ఒక గింజ నోట్లో వేసుకున్నాడు. అప్పుడు గాని ఆమె మొదలుపెట్టలేదు.

*

దీపం పెట్టే వేళకు ఇల్లు చేరారు. పెద్దరోగం కాదన్న మాట కైలాసంతో చెప్పి వచ్చాడు. ఇంట్లో దేవవ్వ అన్నీ వింది. పొయ్యి ముందు కూర్చొని కట్టెలు ఎగదోస్తూనే ఉంది.

"ఇయ్యాల్టి సంది పప్పు అనసూర్య పళ్లెంల పెట్టవ్వా."

"మరి నీకు?"

"నాకు గట్క సాలు."

"మగ్గం?"

"మగ్గం ఏమన్న గానీ."

దేవవ్వ కొడుకు పళ్లెంలో ఒట్టి గట్క పెట్టింది. పెట్టేటప్పుడు ఆమె చెయ్యి పప్పు గిన్నె మీదికి పోయి, ఆగి, వెనక్కి వచ్చింది. లక్ష్మీరాజం తిన్నాడు. పొడి గట్క గొంతులో నిలబడింది. నీళ్లు తాగి దించాడు. ఇద్దరు ఆడవాళ్లు ఇన్నాళ్లూ ఇలాగే దించారన్నమాట.

వాళ్లు వంటింట్లోకి పోయి తలుపు దగ్గరగా వేసుకున్నారు. పప్పు ఆమెకు నిజంగానే పెట్టారా అన్న అనుమానం అతన్ని కూర్చోనివ్వలేదు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆ తలుపు తోశాడు.

పప్పు అనసూర్య పళ్లెంలోనే ఉంది. మొత్తం గిన్నె ఒంపేసినట్టుంది. పక్కన దేవవ్వ పళ్లెంలో ఎర్ర గట్క, ఒక ఉప్పు కల్లు. తినేటప్పుడు కదా, కొంగు చేతుల మీదినుంచి జారింది. చిమ్నీ దీపం వెలుగులో తల్లి చేతులు కనబడ్డాయి. మణికట్టు దాకా నల్లగా, పగిలి, పాత మాను బెరడులా. మెడ చుట్టూ అదే పట్టీ.

దేవవ్వ గబుక్కున కొంగు లాక్కుంది. "నువ్వెందుకచ్చినవ్ రా గీడికి?"

"గా చేతులేందవ్వా?"

"ఏముంది. ఎండలకయితది, వానలు వడితె పోతది. ఆడోళ్లకు అందరికయితది."

"ఎప్పటి సంది?"

"నువ్వు సంకల ఉన్నప్పటి సంది."

లక్ష్మీరాజం గడపలోనే కూర్చుండిపోయాడు. అడగాలా వద్దా అనుకుంటూనే అడిగాడు. "నిన్ను సుత పిలిచిందా? బాయి?"

అనసూర్య ముద్ద ఆపి అత్త మొహంలోకి చూసింది. దేవవ్వ పళ్లెం పక్కకు జరిపింది.

"మీ చిన్నమ్మ గా బాయిలనే పోయింది. కాలు జారిందన్నరు. జారలే. గా పిల్ల మెడ సుత గిట్లనే ఉండె. ఆ మరుసటేడు బాయి నన్ను పిలిచింది. పోయి దరి మీద కూసున్న. ఇంట్ల నువ్వు పాలకేడ్చినవ్. లేచచ్చిన. గంతే."

"మరి తెలిసి తెలిసి, దీన్నెందుకు తిట్టినవే అంతగనం?"

"తిడితె దానికి నా మీద కోపమన్న వస్తదనుకున్న. కోపమున్న మనిషి బాయిల వడదు బిడ్డా." ఉప్పు కల్లును వేలితో పళ్లెంలో అటూ ఇటూ జరిపింది. "అదేమొ తిరిగి ఒక్క మాట అనదాయె."

"తలుపు కాడ గాలికి పంటున్ననంటివి."

"ఏం గాలిరా గీ కాలంల."

అతను పొట్లం విప్పి ఒక మాత్ర తీసి తల్లి చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని దీపానికి ఎత్తి చూసి, మళ్లీ పొట్లంలో వేసి మడిచింది. "పాలిచ్చేదానికియ్యి. నాకు వానలు వడితె పోతది."

వానలు పడితే. మూలన ఎర్రజొన్నల గోనె నిండుగా ఉంది. ఉన్న మాత్రలు ఎందరికి, ఎన్నాళ్లు, మొన్నటి గుడ్డు లాంటిది మళ్లీ ఎప్పుడు ఉడుకుతుంది. లక్ష్మీరాజానికి ఏ వైపు ఆలోచించినా దారం అక్కడే తెగుతోంది. వాడలో తలుపులు దగ్గరగా వేసుకొని ఇంకెందరు తింటున్నారో. లస్మవ్వ కూడా ఎప్పుడూ కొంగు చేతులకు చుట్టుకొనే ఉంటుందని అప్పుడు గుర్తొచ్చింది.

దేవవ్వ కోడలిని దగ్గరికి లాక్కొని తల వంచమంది. మెడ వెనక కొడుకు వేసిన సాలెముడిని గోళ్లతో విప్పబోయింది. రాలేదు. పళ్లతో పట్టి, మెల్లగా, చర్మానికి తగలకుండా కొరికి తెంపింది. పుస్తెలను పసుపు డబ్బాలో పెట్టి మూత వేసింది.

"మందిలకు పోయేటప్పుడు ఏసుకో. ఇంట్ల ఉన్నప్పుడు నేను సూడలేదనుకుంట."

అనసూర్య భుజాలు కదిలాయి. మొదట చప్పుడు లేదు. తర్వాత అత్త ఒళ్లో తల పెట్టి ఏడ్చింది. ఎన్నాళ్లకో ఏడ్చింది. దేవవ్వ కొంగు చుట్టిన చేత్తో ఆమె వీపు నిమురుతూ, "ఏడు, ఏడు," అంటూ పప్పు పళ్లెం చల్లారిపోకుండా పొయ్యి దగ్గరికి రెండో చేత్తో జరిపింది.

బిడ్డ నిద్రపోయాక లక్ష్మీరాజం తన చాప తెచ్చి పెరటి తలుపు దగ్గర పరిచాడు. తలుపు ఇంకా తెరిచే ఉంది. దేవవ్వ గడప మీద నిలబడి ఉంది.

"పొద్దుగాల మగ్గమెక్కేటోనివి. నేను పంట తియ్యి."

"నువ్వు లోపలికి పోయి పండవ్వా."

ఆమె వెంటనే పోలేదు. పెరట్లో వెన్నెల ఉంది. బావి దరి రాళ్లు తెల్లగా కనబడుతున్నాయి. తల్లి చాలాసేపు ఆ దిక్కే చూసింది. ఇన్నాళ్లూ కోడలి బదులు ఆమె రోజూ ఆ రాళ్ల దాకా పోయి బిందె ముంచుకొని వచ్చింది. ఆ తలుపు దగ్గర ఆమెకు అడ్డంగా ఎవరూ పడుకోలేదు. అతను చాప మీద కూర్చొని ఆమె పాదాలను చూస్తున్నాడు. తను ఈ ఇద్దరిలో ఎవరి కోసం ఇక్కడ పడుకుంటున్నాడో అతనికి తెలియలేదు.

లోపల బిడ్డ కదిలింది. దేవవ్వ వెనక్కి జరిగి, చప్పుడు కాకుండా రెండు చేతులతో తలుపు దగ్గరికి లాగి, గొళ్లెం పెట్టింది.